సిత్తీన్ రోడ్డుకు అవతలి పిల్లలు

పదకొండేళ్లు రియాద్‌లో మన దేశపు పిల్లలు చదువుకునే బడికి బస్సు నడిపినాను. ఒక తండ్రి ఎట్లాంటివాడో తెలుసుకోవడానికి నాకు వాని చదువూ ఉద్యోగమూ అక్కర్లేదు. పొద్దున బస్సు ఆపి తలుపు తెరిచినప్పుడు వాడు నా మొహం చూస్తాడా, చూడడా అన్నది చాలు. ఎక్కువ మంది చూడరు. బిడ్డను మెట్టెక్కించి, సంచి అందించి, టై సర్ది, నన్ను స్టీరింగుకు బిగించిన ఇంకో సామాను అనుకొని వెళ్లిపోతారు. అట్లాంటి తండ్రులే ఒక ఏడాది వేసవి సెలవుల ముందు నా కిటికీ కింద వరసగా నిలబడి "అన్నా" అన్నారు, "భాయ్" అన్నారు. ఒకాయన ఏకంగా "గురువుగారూ" అన్నాడు. ఆ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

మాది రాయచోటి దగ్గర పల్లె. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. పదో తరగతి రాసి తప్పినాను. లారీ నడపడం నేర్చుకొని, ఆ లైసెన్సుతోనే సౌదీ వచ్చినాను. నా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చి నా పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టుకున్న యజమాని, ఆ బడికి బస్సులు బాడుగకు ఇచ్చేవాడు. నేను నడిపింది వాటిలో ఒకటి.

కువైట్ మీద యుద్ధం వచ్చినప్పుడు బడి మూసేసినారు. సైరన్ మోగడం, కిటికీ అద్దాలకు టేపులు అతికించుకోవడం, గ్యాస్ మాస్కులు చంకన వేసుకొని బియ్యం కొనడానికి పోవడం, అన్నీ చూసినాను. పెద్ద ఉద్యోగాల వాళ్లు అందరికంటే ముందు సర్దుకున్నారు. మూడు కుటుంబాలు జిద్దాకు పోతామంటే మా కఫీల్ నన్ను బస్సుతో పంపినాడు. అందులో ఒకటి అకౌంటెంట్ సారు కుటుంబం. గుంటూరు వైపు మనిషి. ఏదో పెద్ద కంపెనీలో లెక్కలు చూసేవాడు. "నీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేం బాబూ" అని దారి పొడుగునా అంటూనే ఉన్నాడు. తాయిఫ్ కొండ దిగేటప్పుడు ఆయన చిన్న కూతురు వాంతి చేసుకుంటే కడిగింది నేను. ఆయన మెట్టు మీద నిలబడి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. యుద్ధం అయిపోయి బడి తెరిచిన రోజు పెద్ద కూతుర్ని బస్సు ఎక్కించడానికి వచ్చి, నా తట్టు చూడకుండానే మళ్లుకున్నాడు. నాకు ఆశ్చర్యం కాలేదు.

యుద్ధం తర్వాత రియాద్‌కు మనవాళ్లు వరదలాగ వచ్చి పడినారు. యుద్ధమప్పుడు సౌదీ వెళ్లగొట్టిన యెమెన్ వాళ్ల ఖాళీలు కొన్ని, కొత్తగా మొదలైన పనులు కొన్ని. మలాజ్‌లో రెండు పాత విల్లాలు కలిపి నడిపే బడి మాది. పొద్దున ఆడపిల్లలు, మధ్యాహ్నం మగపిల్లలు. ముగ్గురు కూర్చునే బెంచీ మీద ఐదుగురు. తొమ్మిది, పది తరగతులైతే మరీ ఘోరం. గోడకు ఆనుకొని నిలబడి నోట్సు రాసుకునే పిల్లల్ని నేను కిటికీలోనుంచి చూసేవాణ్ని.

బడిని నడిపేది తండ్రుల కమిటీ. కమిటీ అధ్యక్షుడు ఒక పెద్ద ఇంజినీరు, ఉత్తరాది మనిషి, హిందీలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగించేవాడు. వాళ్లు సిత్తీన్ రోడ్డుకు అవతల, బత్తా బజారు వైపు, ఇంకో బిల్డింగు బాడుగకు తీసుకున్నారు. పక్కన కార్లు బాగుచేసే షెడ్లు. అయినా బిల్డింగు పెద్దది, వెనక ఇసుక నేల ఉంది. తొమ్మిది, పది తరగతుల పిల్లల్లో సగం మందిని అక్కడికి పంపాలి. సిత్తీన్ రోడ్డే సరిహద్దు. ఇవతల ఇళ్లవాళ్లు పాత బడిలో ఉంటారు, అవతల ఇళ్లవాళ్లు కొత్త బడికి పోతారు. పంతుళ్లను కూడా సగం సగం పంచుతారు. ఇంతే విషయం.

కానీ ఎవరి ఇల్లు ఎక్కడుందో కమిటీకి తెలియదు. ఆ రోజుల్లో రియాద్‌లో సందులకు పేర్లు లేవు, ఇళ్లకు నంబర్లు లేవు. చిరునామా అడిగితే అందరూ ఆఫీసు పోస్టు బాక్సు చెప్పేవాళ్లు. ఏ పిల్ల ఎక్కడ ఎక్కుతుందో రాసిపెట్టిన కాగితం బడి మొత్తానికి ఒక్కటే. అది నా నోటుబుక్కు. "నీలం గేటు మసీదు వెనక, మూడో బిల్డింగు, అక్కచెల్లెళ్లు ఇద్దరు." "రొట్టెల భట్టీ ఎదురుగా, లావు పిల్లోడు, ఎప్పుడూ ఆలస్యం." అంతా తెలుగులో. ప్రిన్సిపాలు గదిలో కూర్చోబెట్టి నన్ను చదవమన్నారు. నేను చదువుతుంటే గుమాస్తా టైపు కొట్టినాడు. అధ్యక్షుడు విని, "ఇల్లు ఎక్కడుందో మనం తేల్చలేం. బస్సు ఏ వైపు ఆగితే ఆ పిల్ల ఆ వైపు" అన్నాడు. అందరూ బాగుందన్నారు.

మరుసటి రోజు నుంచి నా కిటికీ దగ్గర జాతర.

ఒక డాక్టరు వచ్చి, తమ బిల్డింగుకు రెండు తలుపులున్నాయని, పిల్ల ఇకనుంచి వెనక తలుపులోనుంచి వస్తుందని చెప్పినాడు. ఆ వెనక తలుపు కూడా అవతలే ఉంది. ఆ మాట చెప్తే, "మధ్యలో ఉంది అని రాయలేవా?" అన్నాడు. ఒకాయన ఊరి నుంచి తెచ్చిన గుడి ప్రసాదం లడ్డూ ఇచ్చినాడు. ఆయన వెనకాలే ఇంకొకాయన హజ్ నుంచి తెచ్చిన జంజం నీళ్ల సీసా ఇచ్చినాడు. ఒకే అబద్ధానికి రెండు మతాలూ సాయం వచ్చినాయి. అడిగితే అందరిదీ ఒకటే పాట. "క్వాలిటీ భాయ్, క్వాలిటీ." కొత్త బిల్డింగులో ఇంకా ఒక్క పాఠం కూడా చెప్పలేదు. అక్కడ క్వాలిటీ లేదని వీళ్లకు ముందే తెలిసిపోయింది. ఎట్లా తెలిసిందంటే, బత్తా వైపు ఎవరుంటారో వాళ్లకు తెలుసు. వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు, ఎట్లో తంటాలు పడి పెళ్లాం పిల్లల్ని తెచ్చుకున్నవాళ్లు. వాళ్ల పిల్లల పక్కన కూర్చుంటే తమ పిల్లల ఇంగ్లీషు అరిగిపోతుందని వీళ్ల భయం.

ఒక గురువారం సాయంత్రం నేను బస్సు కడుక్కుంటుంటే అకౌంటెంట్ సారు కారు వచ్చి ఆగింది.

"బాగున్నావా బాబూ?" అన్నాడు.

"బాగుండాను సార్."

"నీకు పిల్లలెంతమంది?"

ఆరేళ్లుగా కూతుర్ని నా బస్సులో పంపుతున్నాడు. ఈ మాట అడగడం అదే మొదలు.

"ఇద్దరు సార్. ఊర్లో ఉండారు. డ్రైవరు ఇకామాకు ఫ్యామిలీ వీసా ఇయ్యరు కదా." ఇకామా అంటే సౌదీలో ఉండనిచ్చే కార్డు, మన వృత్తి ఏమిటో అందులో రాసి ఉంటుంది.

"ఇకామాలో వృత్తి మార్పించుకోవచ్చయ్యా. డ్రైవరు తీసేసి సూపర్‌వైజరు అని రాయిస్తే చాలు. మీ కఫీల్ తమ్ముడు మా ఆఫీసులోనే మేనేజరు. నేనో మాట చెబితే చేసేస్తాడు." ఒక అడుగు దగ్గరికి వచ్చినాడు. "నీకు తెలియందేముంది, మా ఇల్లు రోడ్డుకు అవతలుంది. స్టాపు కాస్త ఇవతలికి రాసుకుంటే నీకేమైనా ఇబ్బందా? రోజూ పొద్దున్నే అమ్మాయిని నేనే రోడ్డు దాటిస్తాను."

నేను బకెట్టు కింద పెట్టినాను. నా కళ్ల ముందర నా భార్య రియాద్ విమానాశ్రయంలో పిల్లల్ని చెరో పక్క పట్టుకొని నిలబడింది. అంతే, ఇంకేమీ ఆలోచించలేదు.

"కాదు సార్, ఇబ్బందేముంది" అన్నాను.

అదేమంత పెద్ద పాపం అనిపించలేదు, ప్రిన్సిపాలు పిలిచేదాకా. పాత బడి పదో తరగతి ఆడపిల్లల గదిలో బెంచీలు లెక్కపెట్టి, ఒక పిల్ల ఎక్కువైందన్నాడు. "ఇవతల వాళ్లలో మరీ అంచున ఉన్నది ఎవరు?" అని అడిగినాడు.

అంచున ఉన్నది ఏసీ మెకానిక్ బిడ్డ. ఆయన కరీంనగర్ దగ్గరి మనిషి. కంపెనీ ఇకామాలో ఫోర్‌మన్ అని రాసి ఉండటంతో కుటుంబాన్ని తెచ్చుకోగలిగినాడు. వాళ్ల ఇల్లు రోడ్డుకు ఇవతలే. కానీ నా బస్సు బత్తా వైపు నుంచి వచ్చేది. వాళ్ల ఇంటి ముందు ఆపాలంటే సిగ్నలు దాకా పోయి తిప్పుకొని రావాలి, పది నిమిషాల పని. అందుకని రెండేళ్ల కిందట నేనే ఆయన్ను బతిమాలినాను. "అన్నా, పాపను అవతలికి తీసుకొచ్చి నిలబెట్టు." ఆయన సరే అన్నాడు. రోజూ డ్యూటీకి పోయే ముందు బిడ్డను రోడ్డు దాటించేవాడు. నా సౌకర్యం కోసం. నోటుబుక్కులో మాత్రం పాత రాతే, వాళ్ల ఇంటి గుర్తే ఉండింది, అందుకే పేరు ఇవతలి జాబితాలో పడింది.

"ఒకరుండారు సార్. ఇల్లు ఇవతల, స్టాపు అవతల" అన్నాను.

"స్టాపే కదా రూలు" అన్నాడు ప్రిన్సిపాలు. జాబితాలో పేరు మారిపోయింది.

తర్వాతి వారం శుక్రవారం నమాజు అయినాక బడి ఆవరణలో తండ్రుల మీటింగు పెట్టినారు. ఆడవాళ్లకు రావడానికి లేదు కాబట్టి, ఇంటిదగ్గర పిల్లల్ని చదివించే తల్లులు ఒక్కరు కూడా అక్కడ లేరు. కూతురు ఏ సెక్షనులో ఉందో తెలియని మగవాళ్లంతా ఉన్నారు. నన్ను అవసరం పడితే పిలుస్తామని గేటు దగ్గర నిలబెట్టినారు.

అంత చదువుకున్నవాళ్లు అంత చిల్లరగా మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు. ఒకాయన గ్యారేజీల పొగ గురించి అరగంట మాట్లాడినాడు. మాట్లాడినంతసేపూ చేతిలో సిగరెట్టు ఉంది. ఇంకొకాయన, "నాకైతే ఏ తేడా లేదండీ, మా ఆవిడే ఒప్పుకోదు" అన్నాడు. ఒకాయన లేచి బల్ల మీద సుద్దముక్కతో సిత్తీన్ రోడ్డు గీసి, సరిహద్దు రోడ్డు మీద కాకుండా దాని అవతలి సందులో ఉండాలన్నాడు. ఆయన ఇల్లు ఆ సందులోనే. ఇంకొకాయన వచ్చి ఆ గీత తుడిచి తన బిల్డింగు చుట్టూ మెలి తిప్పినాడు. మూడో ఆయన దాన్ని ఇంకో రెండు ఇళ్లు ముందుకు జరిపినాడు. చివరికి బల్ల మీద ఉన్నది రోడ్డులాగ లేదు, తొక్కితే మెలికలు తిరిగే జెర్రిలాగ ఉంది.

అకౌంటెంట్ సారు కూడా మాట్లాడినాడు. బాగా మాట్లాడినాడు. "రూలంటే రూలు. ఎవరికీ మినహాయింపు ఇవ్వకూడదు. పిల్లలకు మనం ముందు నేర్పాల్సింది నిజాయితీ" అన్నాడు. జనం చప్పట్లు కొట్టినారు.

అప్పుడు వెనక వరసలోనుంచి ఏసీ మెకానిక్ లేచినాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద గ్రీజు మరకలు. ఆయనకు ఇంగ్లీషు రాదు. హిందీలో అడిగినాడు.

"కొత్త బడిలో పదోళ్లకు లెక్కలు ఎవరు చెప్తారు?"

రెండు గంటల నుంచి క్వాలిటీ గురించి అరిచినవాళ్లలో ఒక్కరికి కూడా ఆ ప్రశ్న తట్టలేదు. అధ్యక్షుడు కాగితాలు తిరగేసి, "తర్వాత చెప్తాం" అన్నాడు.

"ఇంకొక మాట. మా ఇల్లు ఇవతల ఉన్నది. నా బిడ్డ పేరు అవతల రాసిన్రు."

అధ్యక్షుడు గేటు వైపు చూసి నన్ను పిలిచినాడు. ముందుకు పోయినాను. మెకానిక్ నా వైపు తిరిగి తెలుగులో అడిగినాడు.

"అన్నా, నువ్వే చెప్పు. మా ఇల్లు నీకు ఎర్కేనాయె. ఇవతలనే గదా?"

మొదటి వరసలో అకౌంటెంట్ సారు తన బూట్లు చూసుకుంటున్నాడు.

"నాకు స్టాపే తెలుసు సార్" అన్నాను అధ్యక్షునితో, హిందీలో. "ఆ పాప అవతలే ఎక్కుతుంది."

మెకానిక్ కూర్చున్నాడు. జాబితాలో తర్వాతి పేరు చదివినారు.

వేసవి తర్వాత కొత్త బడి మొదలైంది. నా బస్సు ముందు కొత్త బడి దగ్గర, తర్వాత పాత బడి దగ్గర పిల్లల్ని దించేది. మెకానిక్ బిడ్డ అదే స్టాపులో, అదే నా బస్సు ఎక్కేది. ఆయన రోజూ రోడ్డు దాటించి తీసుకొచ్చి, ఎప్పటిలాగే నాకు సలాం చెప్పేవాడు. నేను అద్దం సర్దుకుంటున్నట్టు చేసేవాణ్ని. ఇకామా సంగతి అడగడానికి అకౌంటెంట్ సారును రెండుసార్లు ఆపినాను. మొదటిసారి, "మేనేజరు సెలవులో ఉన్నాడయ్యా" అన్నాడు. రెండోసారి కారు అద్దం దించలేదు. ఇట్లాంటి మనిషి మాట నమ్మి ఒక ఆడపిల్ల పేరు కొట్టేయించినాను కదా అని, ఆయన్ను తిట్టుకున్నంత నన్నూ తిట్టుకున్నాను. కానీ తిట్టుకోవడం తప్ప ఏమీ చేయలేదు. అది కూడా చెప్పాలి.

కొత్త బడిలో పిల్లలు తక్కువ. బెంచీకి ముగ్గురే. లెక్కలు చెప్పడానికి కేరళ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. సెలవు రోజుల్లో కూడా పిల్లల్ని పిలిపించి చెప్పేది. ఆ రోజుల్లో కూడా పిల్లల్ని నేనే తీసుకుపోయేవాణ్ని, బయట బస్సులో కూర్చుంటే టీచరమ్మ గొంతు గోడ అవతలికి వినపడేది. రెండేళ్లు తిరిగేసరికి పదో తరగతి ఫలితాల్లో కొత్త బడి పాత బడిని దాటిపోయింది. మెకానిక్ బిడ్డ మొదటి ఏడాదే మంచి మార్కులతో పాసైంది.

ఇంకేముంది, జాతర మళ్లీ మొదలు. డాక్టరు బిల్డింగుకు మళ్లీ ముందు తలుపు మొలిచింది. గ్యారేజీల పొగ మాట ఎవరి నోటా రాలేదు. "అక్కడ ప్లేగ్రౌండ్ ఉంది భాయ్, ఇండివిడ్యువల్ అటెన్షన్" అని కొత్త పాట ఎత్తుకున్నారు. రెండేళ్ల కింద చీదరించుకున్న వెల్డర్ల పిల్లల పక్క సీటు కోసం ఇప్పుడు తోసుకుంటున్నారు, అది కూడా సిగ్గు లేకుండా, అదే కిటికీ కింద.

అకౌంటెంట్ సారు చిన్న కూతురు ఆ ఏడు తొమ్మిదికి వచ్చింది.

"బాబూ, మా స్టాపు మళ్లీ పాత చోటికే మార్చెయ్. అసలు మా ఇల్లు అవతలే కదా" అన్నాడు.

"నా ఇకామా ఏమైంది సార్?"

"అదా... రూల్స్ మారిపోయాయయ్యా. ఈసారి తప్పకుండా చూద్దాం."

"మీ ఇల్లు అవతలే సార్, నిజమే. అప్పుడు ఇవతల అని అబద్ధం రాసింది నేనే. మీటింగు పెట్టించండి, ఆ మాట అందరి ముందర చెప్తాను. చెప్పి, తర్వాత మారుస్తాను."

ఆయన మొహం మాడిపోయింది. "డ్రైవరువి డ్రైవరులాగ ఉండు" అని కారెక్కినాడు.

వారం తిరక్కుండానే కమిటీకి ఫిర్యాదు పోయింది. బస్సు డ్రైవరు ఆశపడి స్టాపులు మారుస్తున్నాడని. ఆ బడి గురించి ఆయన చెప్పిన ఒకే ఒక్క నిజం అది. కమిటీ మా కఫీల్‌కు చెప్పింది. మా కఫీల్ నన్ను పిలిచి, బురైదాలో తన బావమరిదికి ఖర్జూరం తోటలున్నాయి, అక్కడ ట్రక్కు నడపమన్నాడు. కాదనడానికి పాస్‌పోర్టు నా దగ్గర లేదు.

పోయే ముందు మెకానిక్ ఇంటికి పోయినాను. ఆయన భార్య లోపలి గదిలోకి పోయింది. ఆయన నేల మీద ఒక పాత కంప్రెసరు విప్పుకొని కూర్చుని ఉన్నాడు. కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పినాను, గురువారం సాయంత్రం నుంచి శుక్రవారం మీటింగు దాకా, ఏదీ దాచకుండా.

ఆయన చేతిలోని పానా పక్కన పెట్టలేదు.

"ఎర్కేనన్నా" అన్నాడు. "ఆ అకౌంటెంటు బిడ్డ ఇవతలి స్టాపుల నిలబడంగ చూసిన. గప్పుడే ఎర్కైంది."

"మరి నన్ను ఎందుకు అడగలేదు?"

"అడిగితె నీకు కోపమొస్తది. రేపు నా బిడ్డను ఎక్కించుకోకుంట పోతె నేనేం జెయ్యాలె? నాకు బండి లేదాయె. నాకు నీ బస్సు గావాలె."

ఆ ఏడాదంతా ఆయన నాకు చెప్పిన సలాంలు అవి. స్నేహం అనుకున్నాను నేను. క్షమించినాడేమో అని కూడా కొన్నాళ్లు అనుకున్నాను.

"ఛాయ్ తాగు" అన్నాడు. లోపలినుంచి గ్లాసు వచ్చింది. తాగినాను. ఆయన కంప్రెసరు పనిలో పడినాడు. నేను బయటికి వచ్చేటప్పుడు తల ఎత్తలేదు.

బురైదాలో ఏడాది గడిచినాక సెలవు దొరికి ఊరికి పోయినాను. మా పెద్దోడు అప్పుడు పదో తరగతి. ఏదో సంతకం కావాలని బడికి రమ్మన్నాడు. తెల్లచొక్కా వేసుకొని వానితోపాటు పోయినాను. హెడ్మాస్టరు రిజిస్టరు తెరిచి, "ఏ సెక్షనప్పా మీవాడు?" అని నన్ను అడిగినాడు.

నేను మావాని మొహం చూసినాను. వాడే చెప్పినాడు.